అమెరికా డ్రైవింగ్ లైసెన్సుకు కాగితాలు: బెజవాడలో ఉండగానే ఏం సర్దుకోవాలి, అక్కడ దిగాక ఏం తీసుకోవాలి

అమెరికాలో డ్రైవింగ్ లైసెన్సు ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. ఆ ఆఫీసును కాలిఫోర్నియాలో డీఎంవీ అంటారు, టెక్సస్‌లో డీపీఎస్, న్యూజెర్సీలో ఎంవీసీ, జార్జియాలో డీడీఎస్. పేరేదైనా (కింద అన్నింటినీ డీఎంవీ అనే అంటాను) కౌంటర్లో కూర్చున్నవాళ్లు తేల్చుకునేవి నాలుగు విషయాలు: మీరెవరు, ఏ హోదాతో ఎప్పటిదాకా ఆ దేశంలో ఉండొచ్చు, సోషల్ సెక్యూరిటీ నంబరు (పని చేసేందుకు అర్హత ఉన్నవాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే నంబరు) ఉందా లేదా, ఆ రాష్ట్రంలో మీ ఇల్లెక్కడ.

ఈ నాలుగింటికీ కాగితాలు చాలామంది దగ్గర ఉంటాయి. అయినా వెనక్కి పంపిస్తారు. ఒక కాగితంలో ఉన్న పేరు ఇంకో కాగితంలో అలాగే ఉండదు, ఒకచోటి తేదీ ఇంకోచోట కలవదు. ఆ తేడాలు చాలావరకు ఇక్కడ తీసుకున్న కాగితాల్లోనే మొదలవుతాయి. విజయవాడలోనో గుంటూరులోనో ఉండగా వెయ్యి, రెండు వేల రూపాయలతో సరిచేసుకోగలిగినదాన్ని అక్కడికి వెళ్లాక సరిచేసుకోవాలంటే నెలలు పడుతుంది. అందుకని ఈ పని టికెట్ కొన్నాక కాదు, వీసా స్లాటు వెతకడానికి ముందే మొదలుపెట్టండి.

మొదట పాస్‌పోర్టులో పేరు చూడండి

ఫొటో ఉన్న పేజీ తెరిచి సర్‌నేమ్ గడి, గివెన్ నేమ్ గడి చూడండి. మనవైపు ఇంటిపేరు ముందు రాస్తాం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్కోసారి పొడి అక్షరంగా ఉంటుంది, ఒక్కోసారి పేరులో కలిసిపోయి ఉంటుంది. పాస్‌పోర్టు దరఖాస్తు నింపేటప్పుడు ఆ మెమో చూసి పేరంతా గివెన్ నేమ్‌లో పెట్టేసి సర్‌నేమ్ ఖాళీగా వదిలేసినవాళ్లు ఎంతోమంది ఉన్నారు.

అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా వేసేటప్పుడు మీ పేరంతా సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది. గివెన్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని. వీసా మీద పడ్డది ఐ-94లోకి, అంటే మీరు ఆ దేశంలో అడుగుపెట్టిన రికార్డులోకి వస్తుంది, అక్కడి నుంచి డ్రైవింగ్ లైసెన్సు మీదికి వస్తుంది. కార్డు మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని మూడక్షరాలు అచ్చవుతాయి. ఆ తర్వాత బ్యాంకు ఖాతా, కారు ఇన్సూరెన్సు, విమానం టికెట్, ప్రతిచోటా ఆ మూడక్షరాలు పెట్టాలా వద్దా అన్న తగువే.

దీనికి మందు ఇక్కడే ఉంది. పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో రీ-ఇష్యూకు దరఖాస్తు పెట్టి, ఉన్న పేరునే రెండు గడుల్లోకి విడదీయించుకోండి. 36 పేజీల పుస్తకానికి మామూలు ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. ఆధార్‌లో, మెమోలో పేరు ఎలా ఉందో ముందే సరిచూసుకుని వెళ్లండి. ఆ తర్వాత వరస తప్పకూడదు: కొత్త పాస్‌పోర్టు చేతికి రావాలి, ఆ పేరుతోనే యూనివర్సిటీ ఐ-20 (విద్యార్థి వీసాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) ఇవ్వాలి, ఆ రెండూ చూసి డీఎస్-160 అనే వీసా దరఖాస్తు నింపాలి. ఐ-20 ముందే వచ్చేసి ఉంటే కొత్త పాస్‌పోర్టు కాపీ యూనివర్సిటీకి పంపి సరిచేసిన ఐ-20 తెప్పించుకోండి. పాత పేరుతో ఐ-20, కొత్త పేరుతో వీసా పెట్టుకుని విమానం ఎక్కవద్దు.

ఎఫ్‌ఎన్‌యూతోనే వీసా వచ్చేసి, ప్రయాణం దగ్గరపడినవాళ్లు కంగారు పడనక్కర్లేదు. బ్యాంకు, అద్దె ఒప్పందం, సోషల్ సెక్యూరిటీ, లైసెన్సు అన్నింట్లోనూ పాస్‌పోర్టు, ఐ-94 ఎలా ఉన్నాయో అదే వరసలో పేరు రాయండి. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక రాస్తేనే చిక్కు.

అదే పేజీలో ఇంకో రెండు చూడాలి. ఒకటి పుట్టిన తేదీ. మన పాస్‌పోర్టులో తేదీ, నెల, సంవత్సరం వరసలో అంకెల్లో ఉంటుంది. అమెరికాలో నెల ముందు రాస్తారు. 07/03/2002 అని ఉంటే మనకు మార్చి 7, అక్కడి గుమస్తాకు జూలై 3. తేదీ 12 లోపు ఉన్నవాళ్లందరికీ ఈ ప్రమాదం ఉంది. వీసా మీద నెల అక్షరాల్లో ఉంటుంది కాబట్టి కౌంటర్లో పాస్‌పోర్టు ఇచ్చేటప్పుడు వీసా పేజీ కూడా తెరిచి చూపించి, పుట్టిన నెల పేరు నోటితో చెప్పండి.

రెండోది పాస్‌పోర్టు గడువు. ఇది ముఖ్యంగా హెచ్-1బీ (ఉద్యోగ వీసా), హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్య లేదా భర్త, పిల్లల వీసా) మీద వెళ్లేవాళ్ల కోసం. కంపెనీ పెట్టిన పిటిషన్ 3 ఏళ్లకు ఆమోదమైనా, పాస్‌పోర్టు ఏడాదిలో అయిపోతుంటే విమానాశ్రయంలో ఇమ్మిగ్రేషన్ అధికారి ఐ-94ను పాస్‌పోర్టు గడువు దాకానే ఇవ్వొచ్చు. లైసెన్సు గడువు ఐ-94ను పట్టుకుని ఉంటుంది కాబట్టి అదీ ఏడాదికే వస్తుంది. గడువు దగ్గరపడ్డ పాస్‌పోర్టును విజయవాడలోనే రెన్యువల్ చేయించుకుని వెళ్లండి.

ఇక్కడి లైసెన్సు సంగతి

మన లైసెన్సు చూపిస్తే అమెరికా లైసెన్సు మార్చి ఇచ్చే ఏర్పాటు లేదు. రాత పరీక్ష, డ్రైవింగ్ పరీక్ష రాసుకోవాల్సిందే. అయినా మన లైసెన్సు తీసుకెళ్లడం చాలా అవసరం. కొత్తగా వచ్చినవాళ్లు విదేశీ లైసెన్సుతో కొన్నాళ్లు నడపడానికి రాష్ట్రాలు అనుమతిస్తాయి. టెక్సస్‌లో 90 రోజులు. కాలిఫోర్నియాలో స్థిరపడినవాళ్లు 10 రోజుల్లోనే అక్కడి లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. కొన్ని రాష్ట్రాల్లో లెర్నర్ పర్మిట్ మీద నెలల తరబడి ఆగాలన్న నిబంధన, ఇదివరకే లైసెన్సు ఉన్నవాళ్లకు సడలుతుంది.

లైసెన్సు తీసి మొదట వాహనాల తరగతి చూడండి. కాలేజీ రోజుల్లో బైకు కోసం తీసుకున్న లైసెన్సులో ఎంసీడబ్ల్యూజీ ఒక్కటే ఉంటే అది కారుకు పనికిరాదు. ఎల్‌ఎంవీ ఉండాలి. లేకపోతే ఇక్కడే ఎల్ఎల్ఆర్ తీసుకుని, 30 రోజులు ఆగి, ట్రాక్ మీద పరీక్ష ఇచ్చి ఎల్‌ఎంవీ కలిపించుకోవాలి. అందుకే ఈ పనికి కనీసం రెండు నెలల వ్యవధి పెట్టుకోండి.

తర్వాత గడువు. 2019 సవరణ చట్టం తర్వాత 30 ఏళ్ల లోపు తీసుకున్న లైసెన్సు 40 ఏళ్లు నిండేదాకా చెల్లుతుంది, 30 నుంచి 50 మధ్య తీసుకుంటే 10 ఏళ్లు. అంతకుముందు తీసుకున్నవాటిని కార్డు మీద ఉన్న తేదీ చూసే లెక్కపెట్టండి. గడువు ఏడాదిలోపు ఉంటే ముందే రెన్యువల్‌కు పెట్టుకోవచ్చు. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ పరీక్ష ఇవ్వాలి. అమెరికాలో కూర్చుని ఈ పని చేయించుకోవడం కష్టం.

డిజీలాకర్‌లో ఉంది కదా అని కార్డు వదిలేసి వెళ్లొద్దు. ఇక్కడ పోలీసులు ఫోన్‌లో చూసి ఊరుకుంటారు. అక్కడ రోడ్డు మీద ఆపిన అధికారికి, కారు అద్దెకిచ్చే కౌంటర్‌కు చేతిలో కార్డు కావాలి. పేరు కూడా పాస్‌పోర్టుతో పోల్చండి. పాత లైసెన్సుల్లో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు ఉంటే, పేరు సవరణకు రవాణా శాఖలో దరఖాస్తు పెట్టి ముందు అది సరిచేయించండి, ఆ తర్వాతే కింద చెప్పిన ఐడీపీకి వెళ్లండి.

ఐడీపీ: ఎందుకు, ఎలా

ఐడీపీ అంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. అదొక్కటే ఉంటే లైసెన్సు ఉన్నట్టు కాదు, మన లైసెన్సును వేరే భాషలవాళ్లు చదువుకునేలా చేసిన పుస్తకం అది. రెండూ కలిపి చూపిస్తేనే విలువ. అమెరికా, భారత్ రెండూ 1949 జెనీవా ఒప్పందంలో ఉన్నాయి కాబట్టి మనం తీసుకునే ఐడీపీ అక్కడ చెల్లుతుంది.

దరఖాస్తు ఫారం 4ఏ. రవాణా శాఖ పోర్టల్‌లో నింపి, ఫీజు 1,000 రూపాయలు కట్టి, మీ చిరునామా ఏ ఆర్టీవో పరిధిలోకి వస్తుందో ఆ ఆఫీసులోనే తీసుకోవాలి. విజయవాడ చిరునామా ఉన్నవాళ్లు గుంటూరులో, గుంటూరువాళ్లు విజయవాడలో అడిగి లాభం లేదు. లైసెన్సు, పాస్‌పోర్టు ఒరిజినళ్లు, వాటి జిరాక్సులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు పట్టుకెళ్లండి. 2021 సవరణ తర్వాత వీసా, మెడికల్ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. అయినా వీసా వచ్చి ఉంటే దాని కాపీ, టికెట్ కాపీ ఫైలులో పెట్టుకోండి, అడిగితే ఇచ్చేయొచ్చు. బ్రోకర్ అవసరం ఉన్న పని కాదిది.

పుస్తకం చేతికిచ్చాక అక్కడే తెరిచి చూడండి. బైకుకు ఏ, కారుకు బీ అని తరగతులుంటాయి. బీ దగ్గర ముద్ర పడిందో లేదో చూసుకోండి. పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరు రాశారో లేదో, సంతకం, ముద్ర ఫొటో మీదికి వచ్చాయో లేదో చూసుకోండి. ఐడీపీ ఇచ్చిన రోజు నుంచి ఏడాది, లేదా లైసెన్సు గడువు, ఏది ముందైతే అంతవరకే చెల్లుతుంది. కాబట్టి మరీ ముందుగా తీసుకుంటే ఇక్కడే నెలలు కరిగిపోతాయి. ప్రయాణానికి మూడు వారాల ముందు పెట్టుకోవడం మంచిది.

ఆన్‌లైన్‌లో డాలర్లలో డబ్బు కట్టించుకుని రెండు రోజుల్లో ఇంటర్నేషనల్ లైసెన్సు పంపిస్తామనే సైట్లు చాలా ఉన్నాయి. వాటి కార్డు ఎంత నిగనిగలాడినా పనికిరాదు. లైసెన్సు ఏ దేశానిదో ఐడీపీ కూడా ఆ దేశపు అధికారులే ఇవ్వాలి. ఐడీపీ అయిపోతే అమెరికాలోని భారత రాయబార కార్యాలయం ద్వారా కొత్తదానికి దరఖాస్తు పెట్టే వీలు 2021 నుంచి ఉంది. అయితే ఆ సమయానికి మీకు రాష్ట్ర లైసెన్సు వచ్చేసి ఉండాలి.

చేతి బ్యాగులో ఉండాల్సినవి

చెకిన్ సామానులో కాదు, భుజానికి తగిలించుకునే బ్యాగులో పెట్టుకోవాల్సినవి: పాస్‌పోర్టు, పాత పాస్‌పోర్టులో వీసా ఉంటే అదీ, ఐ-20 అన్ని పేజీలు, హెచ్-1బీ వాళ్లకు ఐ-797 ఆమోద పత్రం, ఇక్కడి లైసెన్సు కార్డు, ఐడీపీ. ఐ-20 మొదటి పేజీలో కింద విద్యార్థి సంతకం ఉండాలి. యూనివర్సిటీ అధికారి సంతకం ఉంది కదా అని తమది పెట్టకుండా డీఎంవీకి వెళ్లేవాళ్లున్నారు. అక్కడ సంతకం లేని ఐ-20 తీసుకోరు.

పెళ్లయినవాళ్లు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చిన మ్యారేజ్ సర్టిఫికెట్ ఒరిజినల్ తప్పక పట్టుకెళ్లండి. పెళ్లి శుభలేఖ, గుడిలో ఇచ్చిన రసీదు చాలవు. హెచ్-4, ఎఫ్-2 (విద్యార్థి కుటుంబానికి ఇచ్చే వీసా) మీద వెళ్లే భార్యకో భర్తకో ఇంటి చిరునామా నిరూపించుకోవడానికి ఇది పనికొస్తుంది. ఆ సంగతి కిందకు వస్తుంది. సర్టిఫికెట్ తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం నోటరీతో చేయించుకోండి.

దిగిన మొదటి రెండు వారాలు

విమానం దిగిన మర్నాడే డీఎంవీకి వెళ్లడం వృథా. మీరొచ్చిన వివరం ఇమ్మిగ్రేషన్ కంప్యూటర్లన్నింట్లోకీ చేరడానికి వ్యవధి పడుతుంది. విద్యార్థులు దేశంలో అడుగుపెట్టిన రోజు నుంచి 10 రోజులు ఆగమని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది. ఇంకోటి, యూనివర్సిటీలో చెకిన్ చేసి, డీఎస్‌ఓ (విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారి) మీ సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డును యాక్టివ్ చేయాలి. అది అయ్యాక కనీసం రెండు పనిదినాలు ఆగండి. ఈ రెండూ కాకుండా వెళితే కౌంటర్లో మీ రికార్డు దొరకదు, ఫైలు అదనపు తనిఖీకి పోతుంది, అక్కడ వారాలు గడిచిపోతాయి. తొందరపడినవాడికే ఆలస్యం.

ఈ పది రోజుల్లో చేయాల్సింది ఐ-94 తీసుకోవడం. అమెరికా కస్టమ్స్, సరిహద్దు శాఖ అయిన సీబీపీ వెబ్‌సైట్‌లో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు కొడితే వస్తుంది, ఖర్చేమీ లేదు. దాన్ని అక్షరం అక్షరం చదవండి. ఇంటిపేరు, పేరు గడులు తారుమారు కాలేదు కదా? క్లాస్ ఆఫ్ అడ్మిషన్ దగ్గర విద్యార్థికి ఎఫ్1, ఉద్యోగికి హెచ్1బీ అని ఉందా? విద్యార్థికి గడువు దగ్గర తేదీ బదులు డీ/ఎస్ (విద్యార్థి హోదా ఉన్నంతకాలం) అని ఉండాలి. సందర్శకుడు అన్నట్టు బీ2 పడితేనో, పేరులో ఒక అక్షరం పోతేనో సీబీపీ డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ ఆఫీసుకు వెళ్లి సరిచేయించుకోవాలి. తప్పు ఐ-94తో లైసెన్సుకు వెళ్లొద్దు.

హెచ్-1బీ వాళ్లు అమెరికాలోనే హోదా మార్చుకున్నా, పొడిగించుకున్నా కొత్త ఐ-94 ఐ-797ఏ కాగితం అడుగున ఉంటుంది. వెబ్‌సైట్‌లో కనిపించే పాతది కాకుండా అదే చూపించాలి.

సోషల్ సెక్యూరిటీ: నంబరు లేనివాళ్లకూ దారి ఉంది

క్యాంపస్‌లో ఉద్యోగంగానీ వేరే పని అనుమతిగానీ లేని విద్యార్థికి సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. హెచ్-4, ఎఫ్-2 వాళ్లకు పని అనుమతి లేకపోతే ఇవ్వరు. చాలా రాష్ట్రాల్లో నంబరు లేకపోయినా లైసెన్సు ఇస్తారు, కాకపోతే కొన్నిచోట్ల మీకు నంబరు పొందే అర్హత లేదన్న లేఖ అడుగుతారు. దాని పేరు ఎస్‌ఎస్‌ఏ-ఎల్676. పాస్‌పోర్టు, ఐ-94, ఐ-20 తీసుకుని సోషల్ సెక్యూరిటీ ఆఫీసుకు వెళ్లి ఆ పేరుతోనే అడగండి. పాత లేఖను కొన్ని రాష్ట్రాలు ఒప్పుకోవు కాబట్టి డీఎంవీ అపాయింట్‌మెంట్‌కు దగ్గరలో తెచ్చుకోండి.

అందరూ ఈ లేఖ తేవాలని కాదు. కొన్ని రాష్ట్రాలు నంబరు లేదని మీరు సంతకం చేసిన అఫిడవిట్‌తో సరిపెట్టుకుంటాయి. మీ రాష్ట్ర డీఎంవీ సైట్‌లో నాన్-సిటిజన్ల జాబితా తెరిచి చూశాకే సోషల్ సెక్యూరిటీ ఆఫీసు క్యూలో నిలబడండి.

నంబరు ఉన్నవాళ్లకు డీఎంవీ దాన్ని ఆన్‌లైన్‌లో సరిచూస్తుంది. కార్డు మీది పేరు పాస్‌పోర్టుతో కలవకపోతే ఇక్కడ ఆగిపోతుంది. డీఎంవీలో వాదించి లాభం లేదు, ముందు సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో రికార్డు మార్పించుకోవాలి. ఆ కార్డును లామినేట్ చేయించవద్దు.

ఇంటి చిరునామా: అందరూ ఇరుక్కునేది ఇక్కడే

రియల్ ఐడీ చట్టం (లైసెన్సులకు దేశమంతటా ఒకే ప్రమాణాలు పెట్టిన కేంద్ర చట్టం) ప్రకారం ఇచ్చే లైసెన్సుకు చిరునామా చూపించే కాగితాలు రెండు కావాలి, రెండూ వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవై ఉండాలి. అద్దె ఒప్పందం, బ్యాంకు స్టేట్‌మెంట్, కరెంటు లేదా గ్యాస్ బిల్లు, ఇన్సూరెన్సు పాలసీ, జీతం స్లిప్పు, ప్రభుత్వ ఆఫీసు నుంచి పోస్టులో వచ్చిన ఉత్తరం లాంటివి. న్యూజెర్సీలో గుర్తింపు కాగితాలకు మార్కులు వేసి 6 పాయింట్లు రావాలంటారు, చిరునామా దానికి అదనం. పోస్టాఫీసు బాక్సు నంబరు చిరునామాగా ఎక్కడా చెల్లదు. పాస్‌పోర్టు చివరి పేజీలో ఉన్న గుంటూరు చిరునామా ఈ పనికి అక్కరకు రాదు.

విద్యార్థులు నలుగురైదుగురు కలిసి ఒక అపార్ట్‌మెంట్ తీసుకుంటారు. ముందు వెళ్లిన ఒకరి పేరు మీద లీజు, ఇంకొకరి పేరు మీద కరెంటు, వేరొకరి పేరు మీద ఇంటర్నెట్. మిగతావాళ్ల చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి ఇంట్లో దిగిన రోజే లీజింగ్ ఆఫీసుకు వెళ్లి మీ పేరు లీజులో చేర్పించుకోండి, అందరి సంతకాలతో ఉన్న కాపీ తీసుకోండి. అదే వారంలో బ్యాంకు ఖాతా తెరవండి. మొదటి స్టేట్‌మెంట్ రావడానికి నెల పడుతుంది. అంతదాకా ఆగలేనివాళ్లు బ్రాంచిలో అడిగి పేరు, చిరునామా ఉన్న స్టేట్‌మెంట్ ప్రింటు తీయించుకోవచ్చు. క్యాంపస్ హాస్టల్లో ఉండేవాళ్లు హౌసింగ్ ఆఫీసు నుంచి లెటర్‌హెడ్ మీద ఉత్తరం తెచ్చుకోవాలి.

అపార్ట్‌మెంట్ నంబరు ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే కౌంటర్లో అవి రెండు వేర్వేరు ఇళ్లు. లీజులో వీధి పేరు, నంబరు ఎలా ఉన్నాయో చూసి బ్యాంకుకు, ఫోన్ కంపెనీకి, యూనివర్సిటీకి అదే ఇవ్వండి, కామా కూడా మార్చొద్దు.

భర్త పేరు మీదే అన్నీ ఉంటే హెచ్-4 మీద వచ్చినావిడకు రెండు దారులు. మొదటిది, లీజులో ఆవిడ పేరు చేర్పించి జాయింట్ ఖాతా తెరవడం. ఇదే గట్టిది, ముందు ముందు కూడా ఉపయోగపడుతుంది. రెండోది, భర్త కౌంటర్‌కు కలిసి వచ్చి ఆ రాష్ట్రపు రెసిడెన్సీ అఫిడవిట్ మీద సంతకం పెట్టి, తన చిరునామా కాగితాలు, లైసెన్సు చూపించడం. ఇంటిపేర్లు వేరైనప్పుడు సంబంధం చూపించడానికి మ్యారేజ్ సర్టిఫికెట్ అడిగేది ఇక్కడే.

కౌంటర్లో

అపాయింట్‌మెంట్ ఉన్నచోట ముందే తీసుకోండి. డాలస్ చుట్టుపక్కల స్లాట్లు వారాల తరబడి దొరక్కపోవచ్చు, పక్క ఊరి ఆఫీసులు కూడా వెతకండి. అన్నీ ఒరిజినళ్లే కావాలి, జిరాక్సులు మీ దగ్గర వేరే ఉంచుకోండి. గుమస్తా మీ హోదాను సేవ్ అనే ప్రభుత్వ వ్యవస్థలో సరిచూస్తారు. ఎక్కువమందికి సెకన్లలో తేలిపోతుంది. తేలకపోతే అదనపు తనిఖీకి వెళ్తుంది. అది తిరస్కరణ కాదు. ఏ నంబరుతో వెతికారో, వెరిఫికేషన్ కేసు నంబరు ఎంతో అడిగి రాసుకోండి. సేవ్ వెబ్‌సైట్‌లోని కేస్‌చెక్‌లో ఆ వివరాలు, పుట్టిన తేదీ కొట్టి ఎక్కడిదాకా వచ్చిందో చూడొచ్చు. జవాబు వచ్చిందని కనిపించాకే మళ్లీ ఆఫీసుకు వెళ్లండి. వేరే ఆఫీసులో కొత్త దరఖాస్తు పెడితే త్వరగా అవుతుందనుకోవడం పొరపాటు.

దరఖాస్తులో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సినవి పౌరసత్వం ప్రశ్న, ఓటరు నమోదు ప్రశ్న. 1993 నాటి చట్టం ప్రకారం డీఎంవీలోనే ఓటరు నమోదు కూడా చేస్తారు. మీరు అమెరికా పౌరులా అని, ఓటరుగా నమోదు చేయమంటారా అని ఫారంలోనో టచ్ స్క్రీన్ మీదో అడుగుతారు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లతో సహా పౌరులు కానివాళ్లంతా రెండింటికీ కాదు అనే చెప్పాలి. స్క్రీన్ మీద వరసగా అవును నొక్కుకుంటూ పోతే జరిగే నష్టం లైసెన్సుతో ఆగదు. పౌరుడినని తప్పుగా చెప్పుకున్నట్టు రికార్డయితే గ్రీన్‌కార్డు, పౌరసత్వం దారులే మూసుకుపోవచ్చు. ఇంగ్లీషు అర్థం కాకపోతే గుమస్తాను మళ్లీ అడగండి, వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నా ఫర్వాలేదు. పొరపాటున నొక్కితే అక్కడికక్కడే చెప్పి రద్దు చేయించి, సరిచేసిన కాపీ తీసుకోండి. ఆ తర్వాత ఓటరు కార్డు పోస్టులో వస్తే ఎట్టి పరిస్థితిలోనూ ఓటు వేయొద్దు, ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును కలవండి.

సెలెక్టివ్ సర్వీస్ (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి పేరు నమోదు) అని ఇంకో ప్రశ్న ఉంటుంది, 18 నుంచి 25 ఏళ్ల మగవాళ్ల కోసం. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి హోదాలో చట్టబద్ధంగా ఉన్నవాళ్లకు అది వర్తించదు. గ్రీన్‌కార్డు వచ్చిన అబ్బాయిలకు వర్తిస్తుంది.

పరీక్షల గురించి రెండు మాటలు చాలు. టెక్సస్‌లో 18 నుంచి 24 ఏళ్లవాళ్లు మొదటిసారి లైసెన్సుకు 6 గంటల అడల్ట్ డ్రైవర్ కోర్సు సర్టిఫికెట్ తేవాలి. రోడ్డు పరీక్షకు ముందు రాష్ట్రం పెట్టిన ఉచిత వీడియో చూసి ఆ సర్టిఫికెట్ కూడా చూపాలి, అది 90 రోజులే చెల్లుతుంది. రోడ్డు పరీక్షకు కారు మీరే తెచ్చుకోవాలి, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు కాగితాలు దాంట్లో ఉండాలి. స్నేహితుడి కారైతే ఇన్సూరెన్సు కార్డు తేదీ ముందు రోజు రాత్రే చూసుకోండి. అది అయిపోయి ఉంటే పరీక్ష పెట్టకుండానే పంపేస్తారు.

బయటికొచ్చే ముందు చేతికిచ్చిన తాత్కాలిక కాగితంలో పేరు, పుట్టిన తేదీ, చిరునామా, గడువు చదవండి. అప్పుడు చెబితే నిమిషంలో మారుస్తారు. అసలు కార్డు పోస్టులో వస్తుంది. మెయిల్ బాక్సు మీద మీ పేరు లేకపోతే పోస్టువాళ్లు తిరిగి పంపించేసే అవకాశం ఉంది. ఇంట్లో ఉండే అందరి పేర్లూ చిన్న చీటీ మీద రాసి బాక్సు లోపల అంటించండి.

గడువు ఎందుకు తక్కువ వచ్చింది?

తాత్కాలిక హోదాలో ఉన్నవాళ్లకు ఇచ్చేది లిమిటెడ్ టర్మ్ లైసెన్సు. మీరు ఆ దేశంలో ఉండే గడువు ఎప్పటిదాకానో అంతవరకే ఇస్తారు, గడువు తేదీ లేనివాళ్లకు రియల్ ఐడీ నియమాల ప్రకారం ఏడాదికి మించదు. టెక్సస్‌లో 33 డాలర్లు పూర్తిగా కట్టినా చేతికి వచ్చేది ఒకటి రెండేళ్ల కార్డే కావచ్చు. ఇది మీ పట్ల వివక్ష కాదు, అందరికీ ఇదే లెక్క.

విద్యార్థులు ఓపీటీకి (చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసే తాత్కాలిక అనుమతికి) మారినప్పుడు ఈఏడీ అనే పని అనుమతి కార్డు, కొత్త ఐ-20 తీసుకుని మళ్లీ వెళ్లాలి. ఓపీటీ నుంచి హెచ్-1బీకి మధ్యలో ఉన్నవాళ్లు డీఎస్‌ఓ దగ్గర క్యాప్-గ్యాప్ ఐ-20 తీసుకోవాలి. 2025 జనవరి నుంచి ఆ వ్యవధి ఏప్రిల్ 1 దాకా పెరిగింది. హెచ్-1బీ పొడిగింపు పెండింగులో ఉంటే ఐ-797సీ రసీదు చూసి చాలా రాష్ట్రాలు కొంతకాలానికి పొడిగిస్తాయి, ఎంతకాలమన్నది రాష్ట్రాన్ని బట్టి. కార్డు గడువు తేదీకి రెండు నెలల ముందు ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. గడువు దాటిన లైసెన్సుతో నడిపితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు కంపెనీతో పడాల్సిన తిప్పలు వేరు.

చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలు

బీ-2 మీద కొన్ని నెలలకు వచ్చే పెద్దవాళ్లకు రాష్ట్ర లైసెన్సు కోసం తిరగడం అనవసరం. ఇక్కడి లైసెన్సు, ఐడీపీ, పాస్‌పోర్టు మూడూ దగ్గర పెట్టుకుంటే చాలా రాష్ట్రాల్లో నడపొచ్చు. అయితే మీ కారు ఇవ్వబోయే ముందు ఇన్సూరెన్సు కంపెనీకి చెప్పి వాళ్ల పేరు పాలసీలో చేర్పించండి. 55 దాటాక రెన్యువల్ చేయించిన మన లైసెన్సు 5 ఏళ్లకే వస్తుంది, కాబట్టి ప్రయాణం ముందు వాళ్ల కార్డు తేదీ మీరే అడిగి చూడండి.

ఇల్లు మారినప్పుడు రెండు చోట్ల చెప్పాలి. డీఎంవీకి చెప్పే గడువు కాలిఫోర్నియాలో 10 రోజులు, టెక్సస్‌లో 30 రోజులు. ఇమ్మిగ్రేషన్ శాఖకు ఏ రాష్ట్రంలోనైనా 10 రోజులే: విద్యార్థులు డీఎస్‌ఓకు చెబితే సెవిస్‌లో మారుస్తారు, హెచ్-1బీ, హెచ్-4 వాళ్లు ఆన్‌లైన్‌లో ఏఆర్-11 నింపాలి. ఆ నిర్ధారణ కాగితం ప్రింటు తీసి పాస్‌పోర్టు ఉన్న ఫైలులోనే పెట్టుకోండి.